మెడ దగ్గర వైరు

వదిన బండి ఎత్తెక్కి వస్తున్న చప్పుడు మనూసోస్‌కి దూరం నుంచే వినిపించింది. విని కూడా లేవలేదు. చేతిలో ఉన్న కార్బొరేటర్‌ని, అవసరం లేకపోయినా, ఇంకోసారి తుడవడం మొదలుపెట్టాడు.

పెరివోలాకి అన్నది కొండవాలున వేలాడే ఊరు. ఉన్నది ఒక్క వీధి. వీధికి ఒక పక్క మనూసోస్ మెకానిక్ షెడ్డు, ఎదురుగా కాఫీ కొట్టు. కొట్టు ముందు కుర్చీలు వేసుకుని కూర్చునే మగవాళ్లకి షెడ్డులో ఏం జరిగినా కాలక్షేపమే. నల్ల గౌను మీద చచ్చిపోయిన మొగుడి తోలు జాకెట్ తొడుక్కుని, మొగుడి మోటార్‌సైకిలు మీద దిగిన ఆడమనిషి అంటే ఇక చెప్పేదేముంది.

"ఏం అర్గిరో, ఆ జాకెట్ స్ట్రతీస్ మీదే బాగుండేది సుమా!" అన్నాడు సీఫిస్, రాకీ సారా గ్లాసు పైకెత్తి.

"నీ కోటు నీకు బాగానే ఉంది సీఫిస్. లోపల మనిషే లేడు" అంది అర్గిరో, అతని వైపు చూడకుండానే. నవ్వు సీఫిస్ మీదికి తిరిగింది.

బండికి స్టాండు వేసి, సంచిలోంచి ఒక రొట్టె తీసి బల్ల మీద పెట్టింది. "మనూసోస్, లైటు ఆరిపోతోంది. తిన్నగా పోతున్నంతసేపూ బాగానే ఉంటుంది. ఎడమ మలుపు తిరిగానంటే టప్‌మని ఆరుతుంది. మళ్లీ హ్యాండిల్ తిన్నగా అవగానే వస్తుంది. పొద్దున సెయింట్ పరస్కేవి గుడి దగ్గర లోయలోకి పోవాల్సినదాన్ని."

రోజూ తెల్లారకముందే కింద ఊళ్లో బేకరీకి పోయి, వేడి రొట్టెలు బుట్టల్లో కట్టుకుని పై పల్లెలకి చేర్చడం స్ట్రతీస్ చేసిన పని. ఆలివ్ తోటలో గుండె ఆగి అతను కూలిపోయాక ఆ పని అర్గిరో అందుకుంది. లైటు లేకుండా ఆ పని లేదు.

మనూసోస్ స్విచ్ వేసి హ్యాండిల్ ఎడమకి తిప్పాడు. లైటు ఆరింది. కుడికి తిప్పాడు. వెలిగింది. అంతే, లోపం ఎక్కడుందో తెలిసిపోయింది. హ్యాండిల్ మెడ దగ్గర, వైర్లు వంగే చోట, ఏదో ఒక వైరు లోపల తెగుతోంది. హెడ్‌లైటు డూమ్ మరలు విప్పి చూశాడు. ఆకుపచ్చ వైరు మీద రబ్బరు రాసుకుపోయి, లోపల రాగి పోగులు రెండో మూడో మాత్రం పట్టుకుని ఉన్నాయి. వేలెడు వైరు ముక్క, ఒక చుక్క సీసం, చుట్టూ కాస్త టేపు. పని అంతే.

అతను తల ఎత్తి వదిన వైపు చూశాడు. ఆమె నిలబడి ఉంది. అతని మాట కోసం ఎదురుచూస్తూ, చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

అన్న చనిపోయిన నలభయ్యో రోజున, గుడి ముందు ఉడకబెట్టిన గోధుమలు పంచుతున్నప్పుడు, మనూసోస్ అందరూ వినేలా అన్నాడు: "ఇక వదిన బాధ్యత నాది. మా ఇంట్లో ఉంటుంది. బండి నేను తీసుకుంటాను." నల్ల రుమాలు సర్దుకుంటూ అర్గిరో అన్న మాట కూడా అందరూ విన్నారు: "నాకు చేతులూ కాళ్లూ ఉన్నాయి మనూసోస్. ముందు నీ పెళ్లానికి కొత్త జోళ్లు కొనిపెట్టు." మతగురువు కూడా నవ్వు ఆపుకోలేక గడ్డం నిమురుకున్నాడు. ఆ రాత్రి మనూసోస్‌కి నిద్ర పట్టలేదు. ఆ తరవాత కూడా చాలా రాత్రులు పట్టలేదు.

"బల్బు పోతోంది వదినా" అన్నాడు.

"మరి తిన్నగా ఉంటే వెలుగుతోందిగా?"

"లోపల తీగ ఊగుతోంది. మలుపులో అదురుకి ఆరుతుంది. నువ్వు బండిని మేకలా రాళ్లమీద ఎగిరిస్తే ఏ బల్బు నిలుస్తుంది?" కాఫీ కొట్టు వైపు ఓ చూపు విసిరి కొంచెం గొంతు పెంచాడు. కొట్టు నవ్వింది.

కొత్త బల్బు వేశాడు. వేస్తూ వేస్తూ తెగిన వైరుని వేళ్లతో నొక్కి, పోగులు ఒకదానికొకటి తగిలేలా మెడ లోపలికి తోశాడు. హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి చూపించాడు. లైటు ఆరలేదు.

"దేవుడు చల్లగా చూడాలి నిన్ను" అంది అర్గిరో. ఆమె అతనికి ఒక మంచి మాట చెప్పడం అదే మొదలు.

మళ్లీ వచ్చింది. రావాలనే కదా అతను చూస్తున్నది. ఈసారి ఫ్యూజు అన్నాడు. ఇంకోసారి ఎర్త్ సరిగా లేదన్నాడు, బ్యాటరీ కింద బోల్టు ఇసుక కాగితంతో రుద్దించాడు. ఆమె చేతే రుద్దించాడు, మోకాళ్ల మీద కూర్చోబెట్టి. అది చూసి సీఫిస్ గోలగోలగా చప్పట్లు కొట్టాడు. తరవాత డిప్పర్ స్విచ్ అన్నాడు. ప్రతిసారీ చివర్లో ఆ ఆకుపచ్చ వైరుని వేళ్లతో అలా నొక్కి, అలా తోసేవాడు. అది కొన్నాళ్లు పనిచేసేది.

"నాకు నేర్పు మనూసోస్" అంది ఒకసారి. "లోపం ఎక్కడుందో ఎలా కనిపెడతారో చెప్పు. నేనే చేసుకుంటాను. నిన్ను ఇన్నిసార్లు విసిగించడం నాకే సిగ్గుగా ఉంది."

అతను చాలా ఓపిగ్గా, చాలా వివరంగా చెప్పాడు. ముందు బల్బు చూడాలి, తరవాత ఫ్యూజు, తరవాత స్విచ్, తరవాత ఎర్త్. చిన్న బల్బుకి రెండు వైర్లు కట్టి, కరెంటు ఎంతదాకా వస్తోందో ఎలా వెతకాలో చేసి చూపించాడు. మెడ దగ్గర వైర్ల సంగతి ఒక్కటీ చెప్పలేదు. ఆమె శ్రద్ధగా విని, పెదాలు కదుపుతూ మననం చేసుకుంది. ఆ పెదాలు చూస్తుంటే అతనికి ఏదో హాయిగా అనిపించింది.

శీతాకాలం వచ్చింది. పొద్దుటి చీకటి పెరిగింది. అర్గిరో రెండు మేకల్ని అమ్మి, పట్నం నుంచి కొత్త హెడ్‌లైటే కొనుక్కొచ్చింది. డూమ్, అద్దం, హోల్డరు, మొత్తం కొత్తవి. పెట్టెని గుండెకి హత్తుకుని తెచ్చింది.

అప్పుడు మాత్రం మనూసోస్ ఒక్క క్షణం ఆగాడు. పాత డూమ్ ఊడదీసి పక్కన పెట్టాడు. ఆకుపచ్చ వైరు బయటికి వేలాడుతోంది. సోల్డరింగ్ కడ్డీ బల్ల మీదే ఉంది, చెయ్యి చాపితే అందుతుంది. ఇప్పుడు బాగుచేస్తే ఆమె ఇక రాదు. కొత్త లైటు తనే కొనుక్కుంది కాబట్టి బాగైందని అనుకుంటుంది. ఊళ్లో కూడా అదే చెబుతుంది.

అతను కొత్త హెడ్‌లైటుని పాత వైరుకే తగిలించాడు.

స్విచ్ వేయగానే వీధి చివర గోడ దాకా తెల్లగా వెలుగు పరుచుకుంది. అర్గిరో చిన్నపిల్లలా నోరు తెరిచి చూసింది. "పట్టపగలులా ఉంది!" అంది.

"మరేమనుకున్నావు" అన్నాడు మనూసోస్.

ఆ వారంలోనే, సెయింట్ పరస్కేవి గుడి మలుపులో, మిగిలిన పోగులు కూడా తెగిపోయాయి. బండి గట్టు దాటి, మెట్లు మెట్లుగా ఉన్న ఆలివ్ తోటల్లోకి పడింది. మేకలు తోలుకుపోయే ముసలాయన తెల్లారాక చూశాడట. రొట్టెలు చెట్ల కింద చెదిరిపడి ఉన్నాయి, మేకలు అవి తింటున్నాయి, పక్కనే అర్గిరో కాలు ఇంజను కింద ఉంది. పట్నం ఆసుపత్రిలో ఆ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

బండిని లారీలో వేసి షెడ్డుకే తెచ్చారు. చుట్టుపక్కల మెకానిక్ అంటే మనూసోస్ ఒక్కడే. పోలీసాయన సాయంత్రం వచ్చి చూస్తానన్నాడు.

మనూసోస్ షెడ్డు తలుపు లోపల గడియ పెట్టాడు. డూమ్ సొట్టపోయింది గానీ అద్దం పగల్లేదు. వైరు చివరలు రెండూ విడివిడిగా వేలాడుతున్నాయి. వాటిని చెక్కి, వైరు ముక్క కలిపి, సీసం పోశాడు. కొత్త టేపుకి గ్రీజు పూసి పాతదానిలా మురికి చేశాడు. చేతులు వణకలేదు. అదే అతనికి తరవాత చాలా కాలం ఆశ్చర్యంగా ఉండేది.

పోలీసాయన వచ్చాక బ్యాటరీ తగిలించి స్విచ్ వేశాడు. లైటు వెలిగింది. హ్యాండిల్ ఎడమకి తిప్పాడు, కుడికి తిప్పాడు. వెలుగుతూనే ఉంది.

"లైటు ఆరిపోయిందంటోంది మరి ఆవిడ" అన్నాడు పోలీసాయన.

"రెండు గంటలకి లేచే మనిషి. కునుకు పట్టుంటుంది" అన్నాడు మనూసోస్. "నేను చెబుతూనే ఉన్నాను, ఆడదానికి ఈ పని వద్దని."

ఆ మాట సాయంత్రానికల్లా కాఫీ కొట్టులో అందరి నోటా ఉంది. ఆసుపత్రిలో అర్గిరోని చూడ్డానికి వెళ్లినవాళ్లు ఆమె చెయ్యి నిమిరి, "సర్లే తల్లీ, ఆరిపోయిందిలే" అనేవాళ్లు. మొదట్లో అరిచేది. తరవాత తరవాత, "ఏమో, కునుకు పట్టిందేమో" అనడం మొదలుపెట్టింది.

ఆమెని ఎక్కడ ఉంచాలన్న మాట వచ్చినప్పుడు మనూసోస్ తల్లి వంగెలియో కర్ర నేలకేసి కొట్టింది. "గోధుమలు పంచిన రోజున మాటిచ్చావు. తెచ్చుకో."

తెచ్చుకున్నాడు. కారులోంచి దించి, వదినని రెండు చేతుల మీదా ఎత్తుకుని, కాఫీ కొట్టు ముందు నుంచి మెల్లిగా నడిచి, ఇంటి మెట్లెక్కాడు. కొట్టులో వాళ్లు లేచి నిలబడ్డారు. సీఫిస్ టోపీ తీశాడు. అర్గిరో ముఖం పక్కకి తిప్పుకుంది. ఆమె బరువు తగ్గి తేలిగ్గా ఉంది. ఇంత కాలం ఈమెకా నేను భయపడ్డానని మనూసోస్‌కి నవ్వొచ్చింది.

భార్య ఫ్రోసో పొలం పనికి పోయేది. ముసలమ్మ నిద్రపోయేది. ఒంటరిగా గదిలో ఉండలేక అర్గిరో కర్రల సాయంతో షెడ్డుకి వచ్చి, గుమ్మం పక్క కుర్చీలో కూర్చునేది. అతను పని చేస్తుంటే చూసేది. అందించమంటే పానాలు అందించేది. అలా చలికాలం గడిచిపోయింది.

వసంతంలో ఒకరోజు పక్క ఊరి పశువుల డాక్టరు తన మోటార్‌సైకిలు తెచ్చాడు. హెడ్‌లైటు పోతోందన్నాడు.

"ఎప్పుడు పోతోంది?" అన్నాడు మనూసోస్, వేరే బండి చైను బిగిస్తూ.

"మలుపు తిరిగేటప్పుడు."

మనూసోస్ చైను వదిలి వచ్చాడు. బల్బు విప్పలేదు. ఫ్యూజు చూడలేదు. తిన్నగా మెడ దగ్గరికి చెయ్యి పోనిచ్చి, వైర్ల కట్ట బయటికి లాగి, వేళ్లతో ఒక్కొక్కటీ వంచి చూసి, తెగిన దాన్ని పట్టుకున్నాడు. సోల్డరింగ్ కడ్డీ వేడెక్కేలోపల డాక్టరుతో ఎవరిదో మేక సంగతి మాట్లాడాడు. డాక్టరు రాకీ సీసా ఒకటి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

మనూసోస్ వెనక్కి తిరిగేసరికి అర్గిరో అతని చేతుల వైపే చూస్తోంది.

"చూడకుండానే ఎలా తెలిసింది నీకు?" అంది.

"మలుపులో ఆరిందంటే మెడ దగ్గర వైరే. ఎవడికైనా తెలుస్తుం..." అంటూ ఆగిపోయాడు.

"నీకు మొదటి రోజే చెప్పాను" అంది అర్గిరో. "ఎడమ మలుపులో ఆరుతోందని. ఆ మాటే చెప్పాను, ఇదే కుర్చీ పక్కన నిలబడి."

"ఒక్కో బండి ఒక్కోలా ఉంటుంది వదినా."

ఆమె కర్రలు అందుకుని లేచి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఇంటి మెట్లెక్కుతుంటే లోపల మాటలు వినిపించి మనూసోస్ ఆగాడు. అర్గిరో ముసలమ్మకి అంతా చెబుతోంది. బల్బు, ఫ్యూజు, మోకాళ్ల మీద కూర్చుని రుద్దిన బోల్టు, డాక్టరు బండి. ఏడవకుండా, ఒకదాని తరవాత ఒకటి చెబుతోంది.

అంతా విన్నాక ముసలమ్మ కర్ర పక్కన పెట్టింది. తరవాత అంది: "ఈ మాట ఈ గడప దాటనియ్యకు."

"అత్తా! నా కాలు పోయింది అత్తా!"

"నాకు కొడుకు పోయాడు. ఇంకోణ్ణి కూడా అడక్కు. నాకు మిగిలింది వీడొక్కడే."

మెట్ల మీద మనూసోస్ గుండె నిండిపోయింది. చిన్నప్పటి నుంచీ ఆ ఇంట్లో మంచి ముక్క స్ట్రతీస్ పళ్లెంలో పడేది, కొత్త చొక్కా స్ట్రతీస్‌కే వచ్చేది. ఇన్నేళ్లకి అమ్మ తన పక్కకి వచ్చి నిలబడింది.

"అంటే వాడు మంచివాడనా?" అంది అర్గిరో.

"వాడు మంచివాడని నేనన్నానా?" అంది తల్లి. "మిగిలాడన్నాను."

మనూసోస్ చప్పుడు చేయకుండా మెట్లు దిగి, షెడ్డుకి పోయి, డాక్టరిచ్చిన సీసా అంతా తాగాడు.

అర్గిరో తరవాత ఆ ఊసెత్తలేదు. మామూలుగా తిన్నది, మామూలుగా చిక్కుళ్లు ఒలిచింది. కొన్నాళ్లకి భోజనాల దగ్గర అడిగింది: "మనూసోస్, రేపు పొద్దున నన్ను బేకరీకి తీసుకెళ్లు. యజమాని తెల్లారకముందే ఉంటాడు, తరవాత దొరకడు. పని సంగతి మాట్లాడాలి."

"ఒంటికాలితో నీకేం పని?" అన్నాడు.

"తీసుకెళ్లరా" అంది తల్లి, పళ్లెంలోంచి తల ఎత్తకుండా.

బండి స్ట్రతీస్‌దే. మనూసోస్ దాన్ని ఎప్పుడో బాగుచేసి, కొత్త రంగు వేయించి, తనే వాడుకుంటున్నాడు. చీకట్లో ఆమెని వెనక కూర్చోబెట్టి, కర్రలు పక్కన కట్టి బయల్దేరాడు. ఆమె కుడి చెయ్యి అతని నడుము చుట్టూ గట్టిగా పట్టుకుంది. ఊరు దాటి దిగుడు మొదలైంది. లైటు ముందు రాళ్లూ ముళ్లపొదలూ తెల్లగా పరిగెడుతున్నాయి.

గుడి మలుపు ఇంకా కొంచెం ముందుందనగా ఆమె ఎడమ చెయ్యి అతని చంక కింద నుంచి ముందుకి వచ్చింది. చలికి జేబులో పెట్టుకుంటోందేమో అనుకున్నాడు. ఆ చెయ్యి హ్యాండిల్ మీద స్విచ్ దాకా పోయింది.

టప్‌మంది. లోకం మాయమైంది.

"వదినా!" అని అరిచాడు. బ్రేకు తొక్కాడు, వెనక చక్రం కంకర మీద పాములా మెలికలు తిరిగింది. వదిలేశాడు. బండి దూసుకుపోతోంది. ఏ పక్క కొండ ఉందో, ఏ పక్క గాలి ఉందో తెలియలేదు. ఆమె పిడికిలి స్విచ్ మీద బిగుసుకుని ఉంది. అతను లాగబోతే బండి ఊగింది, చెయ్యి మళ్లీ హ్యాండిల్ మీదికి తెచ్చుకున్నాడు.

"ఎంత చీకటో చూశావా?" అంది ఆమె, చెవి దగ్గర, మామూలు గొంతుతో. "నేను దీంట్లోనే తిరిగాను."

కొండ గోడకి బండి పక్కటెముకలు రాసుకున్నాయి. మోకాలు చీరుకుపోయింది. నిప్పురవ్వలు లేచాయి, రాయి విరిగింది, ఎక్కడో ఒకచోట బండి ఆగింది. ఇంజను కూడా ఆగిపోయింది. తన గొంతు తనే వింటున్నాడు మనూసోస్. పిల్లాడిలా కేకలు పెట్టి ఏడుస్తున్నాడు.

ఆమె దిగలేదు. చెయ్యి అతని నడుము చుట్టూ అలాగే ఉంది.

"ఎంతసేపు పని అది?" అంది.

"ఏ... ఏది?"

"ఆ వైరు కలపడం."

ఆమె వేలు స్విచ్ మీద ఆడించింది.

"కాఫీ తాగేంతసేపు" అన్నాడు.

"కాఫీ తాగేంతసేపు." ఆమె కాస్త నవ్వింది. "వేడిగా తాగితేనా, చల్లారాక తాగితేనా?"

ఆమె లైటు వేసింది. ముందు చక్రానికీ గట్టు అంచుకీ మధ్య ఒక మనిషి పడుకునేంత చోటు ఉంది.

"పద" అంది. "బేకరీ ఆయన వెళ్లిపోతాడు."

బేకరీ యజమాని వ్యాను పెట్టి రొట్టెలు పంపుతున్నాడు గానీ, ఆఖరి పల్లెకి వ్యాను ఎక్కదు. అక్కడి వాళ్లు గోల చేస్తున్నారు. అర్గిరో కర్రల మీద నిలబడి చెప్పింది: "మా మరిది రోజూ తోలతాడు. నేను వెనక కూర్చుంటాను. నాకు ఇచ్చినంతే ఇవ్వు." యజమాని మనూసోస్ చిరిగిన ప్యాంటూ, రక్తమూ చూసి, "నువ్వేమంటావు?" అన్నాడు. మనూసోస్ తల ఊపాడు.

అప్పటి నుంచీ రోజూ పోతున్నారు. ఎండాకాలం పోయింది, మళ్లీ పొద్దుటి చీకటి పెరిగింది. షెడ్డు తెరిచేసరికి ఎండెక్కుతోంది. బేరాలు పక్క ఊరి కొత్త మెకానిక్‌కి పోతున్నాయి. ఫ్రోసో ఒకసారి అడిగింది, "ఆవిడంటే అంత భయమేమిటి నీకు?" అని. "ఎవరికి భయం?" అన్నాడు. ఆ రోజు నుంచి పడక వేరే గదిలో వేసుకున్నాడు, నిద్రలో అరుస్తున్నానని.

దారిలో అర్గిరో మాట్లాడదు. ఒక్కోసారి ఎడమ చెయ్యి అతని నడుము వదులుతుంది. అతని ఒళ్లంతా కర్రలా బిగుసుకుపోతుంది. ఆమె రుమాలు సర్దుకుని, మళ్లీ పట్టుకుంటుంది. ఎప్పుడు దేనికి వదులుతుందో అతనికి ఇంతవరకూ అంతు పట్టలేదు. ఆ తరవాత ఆమె మళ్లీ స్విచ్ జోలికి పోలేదు. పోదనే నమ్మకం అతనికి లేదు.

ఆఖరి పల్లెలో ఒక ముసలావిడ రోజూ గుమ్మం దగ్గర కాచుకుని ఉంటుంది. రొట్టె అందుకుని, మనూసోస్ చెంపలు రెండూ తడుముతుంది. "ఏం పుణ్యం చేసుకున్నావో అర్గిరో! కన్నకొడుకైనా ఇంతలా చూస్తాడా?"

"చూడడమ్మా" అంటుంది అర్గిరో. ఒక రొట్టె విరిచి, గట్టిగా ఉన్న కొస అతని చేతిలో పెడుతుంది. "తిను మనూసోస్. రేపు కూడా రావాలి."

అతను నిలబడి తింటాడు.